గడియారం ఎవరి చేతిలో ఉంది?

గత జనవరిలో మా సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. దళసరి కాగితం, చుట్టూ గులాబీ రంగు అంచు. మార్చి 8 సందర్భంగా నగరంలో మహిళల కార్ ర్యాలీ జరుపుతున్నారట. స్త్రీ సాధికారతే దాని లక్ష్యమట. సహ నిర్వాహకులుగా మా సంఘం పేరు వేసుకోవడానికి మేము ఒప్పుకోవాలట. అందుకు మేము చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఒక బ్యానర్ పంపాలి. జెండా ఊపేటప్పుడు ఇద్దరం వేదిక మీద నిలబడాలి. కార్ల అద్దాల మీద అంటించడానికి ఆడపిల్లల చదువు గురించీ గృహహింస గురించీ నాలుగు నినాదాలు రాసివ్వాలి. ఉత్తరం చివర బహుమతుల జాబితా ఉంది. మొదటి మూడు స్థానాలకు కప్పులు. వాటి కింద, వాటికన్నా పెద్ద అక్షరాల్లో, "అందంగా అలంకరించిన కారు", "చక్కటి వస్త్రధారణ గల జట్టు".

కార్యవర్గ సమావేశంలో దీని మీద గంటసేపు వాదన జరిగింది. "కార్లున్న వాళ్ళ సరదాకి మన పేరెందుకు?" అని కొందరు. "వందల మంది చూస్తారు, మన నినాదాలు చదువుతారు, పోయేదేముంది?" అని కొందరు. నేను రెండింటికీ ఒప్పుకోలేదు. ఆ ఆట మనది కాదనడం తప్పు. ఆ ఉత్తరానికి సరేననడం అంతకంటే పెద్ద తప్పు. ఎందుకో రాయమన్నారు. రాస్తున్నాను.

కార్లతో మనకేం పని?

ఈ ప్రశ్న మన సంఘాల్లో తరచూ వస్తుంది. ఆటలన్నా వాహనాలన్నా మనకి ఒక రకమైన అనుమానం. తిండికీ కూలికీ భద్రతకీ పోరాడే చోట కార్ల పోటీ గురించి మాట్లాడటం మర్యాద కాదేమో అన్న జంకు. కానీ స్త్రీ ఎంత దూరం వెళ్ళొచ్చు, ఎవరితో వెళ్ళొచ్చు, ఎన్ని గంటలకి తిరిగి రావాలి అనే నియమాల మీదే కదా పితృస్వామ్యం సగం నడుస్తున్నది? 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నప్పుడు, అది చదువుకి సంబంధించిన విషయం కాదని ఎవరూ అనలేకపోయారు. సైకిల్ ఎక్కిన స్త్రీ బస్సు కోసమో భర్త కోసమో ఎదురుచూడటం మానేసింది. ఊళ్ళో మగవాళ్ళ వెకిలి మాటలకు కారణం అదే.

1990 నవంబర్ 6న రియాద్‌లో నలభై ఏడుగురు స్త్రీలు కార్లు నడుపుకుంటూ వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ పాస్‌పోర్టులు లాక్కున్నారు, కొందరి ఉద్యోగాలు పోయాయి. చివరికి 2018 జూన్ 24న సౌదీ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. సరిగ్గా ఆ రోజే ఫ్రాన్స్‌లో, ఫార్ములా వన్ పోటీకి ముందు, ఒక సౌదీ మహిళ కెమెరాల ముందు రేసు కారు నడిపింది. ప్రపంచమంతా ఆ ఫోటో చూసింది. ఆ హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడిన లుజైన్ అల్ హథ్‌లూల్ అప్పటికి నెల రోజులకు పైగా నిర్బంధంలో ఉంది. 2021లో గాని ఆమె బయటికి రాలేదు. కారు నడిపిన ఆ మహిళది తప్పని నేననను. ఫోటో ఒకచోట, హక్కు ఒకచోట ఉండగలవని మాత్రం ఈ ఒక్క రోజు మనకి చెబుతుంది. మనకొచ్చిన ఉత్తరం అడుగుతున్నది ఫోటోనే.

ఆట అసలు ఏమిటి?

ఈ ర్యాలీ అంటే మనలో చాలామంది ఒకరినొకరు దాటుకుంటూ పోయే రేసు అనుకుంటారు. కాదు. ఔత్సాహికుల మోటారు పోటీల్లో ఎక్కువ భాగం గడియారంతో పోటీ. ఒక్కో కారునీ విడివిడిగా వదులుతారు. పక్క కారుతో పని లేదు. కొన్నింటిలో ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్ళు గెలిచినట్టు. మన దేశంలో ఔత్సాహికులు ఎక్కువగా ఆడే రకం ఇంకొకటి. దాన్ని కాలం, వేగం, దూరం ర్యాలీ అంటారు. మామూలు రోడ్ల మీద, చట్టం ఒప్పుకునే వేగంలోనే, నిర్ణయించిన క్షణానికి నిర్ణయించిన చోట ఉండాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి. ముందుగా చేరినా పోతాయి. చాలా పోటీల్లో ముందుగా చేరిన వారికే ఎక్కువ పోతాయి. కాబట్టి దూకుడుకి ఇక్కడ విలువ లేదు.

కారులో ఇద్దరు. ఒకరు డ్రైవర్, ఒకరు నావిగేటర్. బయల్దేరే ముందు ఒక రోడ్ బుక్ ఇస్తారు. అందులో ఊళ్ళ పేర్లుండవు. ప్రతి మలుపుకీ ఒక చిన్న గీతల బొమ్మ, దాని పక్కన మొదటి నుంచి అక్కడికి ఎన్ని కిలోమీటర్లో అంకె. వేరే కాగితం మీద ఏ భాగంలో ఎంత సగటు వేగంతో పోవాలో ఉంటుంది. ఉదాహరణకి గంటకి 36 కిలోమీటర్లు అంటే ఒక్కో కిలోమీటరుకి వంద సెకన్లు. 4.2 కిలోమీటర్ల భాగానికి ఏడు నిమిషాలు. 9 గంటల 12 నిమిషాలకి బయల్దేరితే 9.19కి అక్కడుండాలి. ఆ వెంటనే వేగం 30కి మారుతుంది. 3.5 కిలోమీటర్లకి ఇంకో ఏడు నిమిషాలు. దారిలో ఎక్కడో చెట్టు చాటున నిర్వాహకుల మనిషి గడియారంతో కూర్చుని ఉంటాడు. ఎక్కడో తెలియదు. కాబట్టి చివరికి సర్దుకుందామంటే కుదరదు, దారి పొడుగునా సరైన సమయంలోనే ఉండాలి. పైగా మన కారు మీటరు నిర్వాహకుల మీటరుతో సరిపోదు. మొదట్లోనే తెలిసిన దూరం ఒకటి నడిపి తేడా పట్టుకోవాలి. వాళ్ళు పది కిలోమీటర్లన్న చోట మన మీటరు 10.4 చూపిస్తే, ఇక ప్రతి అంకెనీ ఆ లెక్కన పెంచుకుంటూ పోవాలి. 4.2 అన్నది మన మీటరు మీద దాదాపు 4.37.

ఈ పనిని ఒక్కరు చేయలేరు. లెక్క చేసే మనిషి రోడ్డు చూడలేదు. రోడ్డు చూసే మనిషి లెక్క చేయలేదు. ఒకరి మాటని ఇంకొకరు ఆ క్షణంలో నమ్మాలి. ఏ మాట ఎప్పుడు చెప్పాలి, ఎంత ముందు చెప్పాలి, తప్పు జరిగితే ఏం చేయాలి అన్నవి కారెక్కక ముందే తేల్చుకోవాలి. వ్యూహం అంటే అదే. స్త్రీలకి దిక్కులు తెలియవనీ, లెక్కలు రావనీ, ఇద్దరాడవాళ్ళు ఒకచోట ఇమడరనీ చెప్పే సమాజంలో, ఈ మూడింటినీ ఒక్క ఉదయంలో అబద్ధం చేయగల ఆట ఇది. అందుకే ఇది మనది కాదనడం తప్పంటున్నాను.

మా జట్టు

నాలుగేళ్ళ క్రితం ఇలాంటి ర్యాలీలోనే నేను నావిగేటర్‌గా కూర్చున్నాను. డ్రైవర్ మా సంఘం జీపు నడిపే అక్క. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. రాత్రిపూట కేసుల మీద వెళ్ళాల్సి వస్తే మగ డ్రైవర్లు ముఖం చాటేస్తున్నారని పదిహేనేళ్ళ నాడు తనే నేర్చుకుంది. పోలీసు స్టేషన్లకీ ఆసుపత్రులకీ కోర్టులకీ ఆమె మమ్మల్ని తిప్పిన దారి లెక్కేస్తే ఎన్ని ర్యాలీలవుతాయో! పోటీకి స్నేహితురాలి కారు అడిగి తెచ్చుకున్నాం.

ముందు రోజు సాయంత్రం ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. "మలుపు కనబడ్డాక చెప్పకండి మేడం. రెండొందల మీటర్ల ముందే చెప్పండి. దగ్గరికొచ్చాక ఇంకోసారి చెప్పండి" అంది. కారులో నన్ను మేడం అనొద్దన్నాను. "నిజమే, మేడం అనేలోపు మలుపు దాటిపోద్ది" అని నవ్వింది. పొద్దున్నే టైర్లలో గాలి తనే చూసుకుంది. మీటరు తేడా లెక్క నేను కాలిక్యులేటర్ మీద కట్టేలోపు, "నూటికి నాలుగు ఎక్కువ చూపిస్తాంది" అంది. ఇరవై ఏళ్ళుగా గణాంకాల పట్టికలతో బతుకుతున్నదాన్ని నేను!

మూడో భాగంలో తప్పు చేసింది నేనే. రోడ్ బుక్‌లో ఒక వరుస దాటేశాను. కాలవ గట్టు మీద కిలోమీటరుకి పైగా వెళ్ళాక గాని బొమ్మకీ దారికీ పొంతన లేదని తెలియలేదు. వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. నాకు చేతులు వణికాయి. వేగంగా పోయి అందుకుందామన్నాను. ముందు ఊళ్ళో ఆదివారం సంత. అక్క వేగం పెంచలేదు. "సంతలో మనుషులుంటారు. పోయినవి పోనీండి. ఊరు దాటాక రోడ్డు ఖాళీ, అక్కడ కొంత కలుపుకుందాం. మీరు తర్వాత లెక్క చూడండి" అంది. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. తప్పు ఎవరిదన్నది ఆ క్షణంలో ఆమెకి పని లేని ప్రశ్న. పోయిన నాలుగు నిమిషాల మీద ఏడుస్తూ వచ్చే నాలుగు నిమిషాలు పోగొట్టుకోకపోవడమే ఆమె వ్యూహం. సంఘాల్లో ఏదైనా కేసు ఓడిపోయాక మనం పెట్టుకునే సమావేశాలు నాకు గుర్తొచ్చాయి.

ముప్పైకి పైగా కార్లలో మాకు తొమ్మిదో స్థానం వచ్చింది. నిజంగా ఆనందపడ్డాం. ఆ ఆనందం తక్కువదని ఇప్పటికీ అనను. అక్కడికి వచ్చిన స్త్రీలనూ తక్కువ చేయను. ఒకామె, లైసెన్సు తీసుకుని పన్నెండేళ్ళయిందనీ, ఊరి పొలిమేర దాటి తను కారు నడపడం ఇదే మొదటిసారనీ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళని నమ్మకపోతే మన స్త్రీవాదం దేనికి?

మిగిలిన కథ

కానీ ఆ పోటీని నడిపిన తీరు చూడండి.

పేర్లు నమోదు చేసుకునే చోట ఒక పత్రం ఇచ్చారు. వివాహితలైతే భర్త, కానివారైతే తండ్రి సంతకం చేయాలి, అభ్యంతరం లేదని. కారు యజమాని అనుమతి అడిగితే అర్థముంది. ఇది కారు గురించి కాదు, మనిషి గురించి. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ కారు లైసెన్సుకి భర్త సంతకం అక్కర్లేదు. సాధికారత ర్యాలీకి కావాల్సి వచ్చింది. నాకా పత్రం మీద సంతకం పెట్టేవాళ్ళు లేరు. అక్క భర్త చనిపోయి చాలా కాలమైంది. "అయితే అన్నదమ్ములెవరైనా..." అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు. మేము గట్టిగా అడిగితే వదిలేశాడు. అడగని వాళ్ళంతా సంతకం తెచ్చిచ్చారు.

జెండా ఊపే దాకా కార్ల చుట్టూ భర్తలు, అన్నలు, తమ్ముళ్ళు. గేరు ఎప్పుడు మార్చాలో చివరి పాఠాలు. సమయం రాసే వాళ్ళంతా మగవాళ్ళే. దారి వేసింది మగవాళ్ళే. రోడ్ బుక్ రాసింది మగవాళ్ళే. స్త్రీలకి కష్టమని సాంతం సులువు చేశామని వేదిక మీద గర్వంగా చెప్పారు. ఏ భాగంలో ఎవరు ఎన్ని సెకన్లు తేడాతో చేరారో చూపించమని అడిగితే, "ఇది సరదాకండీ, అంత లోతుగా ఎందుకు?" అన్నారు. గడియారంతో ఆడే ఆటలో గడియారం చూపించరట! అలంకరణ బహుమతి ఇచ్చేటప్పుడు మాత్రం ముగ్గురు న్యాయనిర్ణేతలు, మార్కుల పట్టిక అన్నీ ఉన్నాయి.

ఇక ఫలితాల బోర్డు. ఒక్కో కారుకి ఒక్క పేరే రాశారు. మిగతా కార్లకి డ్రైవర్ పేరు. నావిగేటర్లు ఎక్కడా లేరు. మా కారుకి మాత్రం డాక్టర్ అనే బిరుదుతో నా పేరు! మర్నాడు పత్రికలో ఫోటో కింద కూడా నా పేరే ఉంది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి "తదితరులు" అయిపోయింది.

ఇంతకాలం దీన్ని నావిగేటర్‌కి జరిగే అన్యాయంగా మాత్రమే రాసేదాన్ని. కనబడని శ్రమ, పేరు లేని శ్రమ అని మనం చెప్పే మాటలన్నీ దానికి చక్కగా అతుకుతాయి. కానీ ఆ బోర్డు నాకు ఇంకో సంగతి చెప్పింది. పేరు డ్రైవర్‌కీ పోదు, నావిగేటర్‌కీ పోదు. చదువు, కులం, డబ్బు ఎటుంటే అటు పోతుంది. కారు లోపల మేమిద్దరం సమానం. కారు దిగిన క్షణంలో నేను "డాక్టర్‌గారి"నయ్యాను, ఆమె "డ్రైవరమ్మ" అయింది. బోర్డు మార్పించమని నేను గొడవ పెట్టుకున్నాను. మార్చారు. పత్రిక మార్చలేదు. అక్క ఫోటో కత్తిరించి దాచుకుంది, కింది అక్షరాలు వదిలేసి.

ఇద్దరు స్త్రీలు గెలిచిన చోట్లు

"ఆడవాళ్ళకి ఈమాత్రం పోటీ చాలదా?" అనే వాళ్ళకి చరిత్ర గుర్తు చేయాలి. 1932లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన వెయ్యి మైళ్ళ పోటీని ఎల్సీ విజ్‌డమ్, జోన్ రిచ్‌మండ్ అనే ఇద్దరు స్త్రీలు ఒకే కారుని పంచుకుని నడిపి, మగవాళ్ళని ఓడించి గెలిచారు. ఎల్సీ కూతురు ఆన్ విజ్‌డమ్ నావిగేటర్ అయింది. ఆమె దారి చెబుతుండగా పాట్ మాస్ 1960లో లియేజ్-రోమ్-లియేజ్ ర్యాలీ గెలిచింది. రోజుల తరబడి రాత్రింబవళ్ళు నడిచే, యూరప్‌లో అతి కఠినమని పేరున్న ర్యాలీ అది. 1981లో ఇటలీలోని శాన్‌రెమోలో మిషెల్ మూటన్, ఫాబ్రిజియా పాన్స్ జట్టు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీ గెలిచిన మొదటి స్త్రీల జట్టయింది. మరుసటి ఏడు పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్‌లలో గెలిచి మూటన్ ప్రపంచ పోటీలో రెండో స్థానంలో నిలిచింది. అమెరికాలో పైక్స్ పీక్ అనే కొండ మీదికి గడియారంతో పోటీపడే పందెం ఒకటుంది. 1985లో మూటన్ దాన్ని 11 నిమిషాల 25 సెకన్లలో ఎక్కి, అప్పటి రికార్డుని బద్దలుకొట్టింది.

వీటిలో ఏదీ స్త్రీల ప్రత్యేక విభాగంలో వచ్చిన గెలుపు కాదు. ఇవన్నీ అందరితో కలిసి ఆడి గెలిచినవి. అయితే అదే కాలంలో యూరప్ ర్యాలీలు చాలావాటిలో "కూప్ దె దామ్" పేరుతో ఆడవాళ్ళకి వేరే కప్పు ఉండేది. మొత్తం పోటీలో ఎన్నో స్థానమొచ్చినా, స్త్రీలలో మొదటిదానివి కదా అని చేతిలో పెట్టే కప్పు. కొందరికి అదే ఆసరా అయింది, దాని వల్లే కార్ల కంపెనీలు వాళ్ళకి కార్లిచ్చాయి. కాదనను. కానీ ఆ కప్పు చేతిలో పెట్టినవాళ్ళే తలుపు మూసిన సందర్భాలూ ఉన్నాయి.

1955లో ఫ్రాన్స్‌లోని లమాన్ పోటీలో ఒక కారు జనంలోకి దూసుకెళ్ళి ఎనభై మందికి పైగా చనిపోయారు. నడిపింది పురుషుడు. పురుషులు కార్లు నడపకూడదని ఎవరూ అనలేదు. మరుసటి ఏడు రీమ్స్‌లో అనీ బూస్కే అనే స్త్రీ తన కారు ప్రమాదంలో తను చనిపోయింది. అంతే, లమాన్ నిర్వాహకులు స్త్రీలనే రానివ్వడం మానేశారు. మళ్ళీ 1971లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. మగవాడి తప్పు ఒక మనిషి తప్పు. ఆడదాని తప్పు మొత్తం ఆడజాతి తప్పు. మన వీధుల్లో ఎవరైనా స్త్రీ బండి కాస్త అటూ ఇటూ చేస్తే వినబడే మాట ఇదే కదా?

నావిగేటర్ల సంగతి కూడా చూడండి. 1997 మోంటెకార్లో ర్యాలీ ఎవరు గెలిచారంటే పియెరో లియాట్టీ అంటారు. ఆయన పక్క సీట్లో కూర్చుని గెలిపించింది ఆ ఫాబ్రిజియా పాన్సే. మూటన్ పక్కన ఆమె చేసిన పనీ, లియాట్టీ పక్కన చేసిన పనీ ఒకటే.

ప్రత్యేక పోటీలు అసలు వద్దని నేను అనడం లేదు. ఇది మనం రిజర్వేషన్ల విషయంలో ఎప్పుడో తేల్చుకున్న చర్చ. ప్రత్యేక చోటు లోపలికి తీసుకెళ్ళే దారి అయితే కావాలి. పక్కన కూర్చోబెట్టే అరుగు అయితే వద్దు. డబ్ల్యూ సిరీస్ అని స్త్రీలకే ప్రత్యేకించిన రేసులు 2019లో మొదలై, డబ్బు లేక 2022లో మధ్యలోనే ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. పోటీపడ్డ డ్రైవర్లలో ఒక్క స్త్రీ లేదు. ఆ లోటు గురించి నగరంలో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. మనమూ మాట్లాడలేదు.

పని చేసినవాళ్ళకే పరుగు

అమెరికాలో ఔత్సాహికులు ఆడే ఆటోక్రాస్ అనే పోటీలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఖాళీ మైదానంలో రబ్బరు దిమ్మెలు పెట్టి దారి చేస్తారు. ఒక్కో కారూ గడియారం మీద పరుగెత్తాలి. దిమ్మె పడితే రెండు సెకన్లు జరిమానా. అక్కడ పోటీకి వచ్చిన ప్రతి మనిషీ తన పరుగుతో పాటు ఒక పూట పని కూడా చేయాలి. ఎండలో నిలబడి, పడిన దిమ్మెలు లేపాలి, జరిమానా నమోదు చేయాలి, గడియారం దగ్గర కూర్చోవాలి. బెంజి కారులో వచ్చినా సరే. ఇద్దరు ఒకే కారుని పంచుకుని ఒకే విభాగంలో పోటీపడటం కూడా అక్కడ మామూలే. ఒకరి పరుగయ్యాక ఇంకొకరు ఎక్కేలోపు, వేడెక్కిన టైర్ల మీద నీళ్ళు చల్లడం, గాలి సరిచూడటం ఇద్దరూ కలిసి చేస్తారు. తన ప్రత్యర్థి టైరుని తనే చల్లబరచడమన్నమాట. స్త్రీలకి వేరే విభాగముంది. అందులో ఆడాలా, అందరితో ఆడాలా అన్నది మాత్రం ఆ స్త్రీ ఇష్టం.

అక్కడ అంతా సమానత్వమే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కారు కొనగలిగిన వాళ్ళ ఆటే అది కూడా. కానీ పనిని పంచుకోవడం ఒకరి మంచితనం మీద వదిలేయకుండా నియమంగా రాసుకోవచ్చని అది చూపిస్తుంది. మన సంఘాల్లో ఈ నియమం ఉందా? సమావేశమయ్యాక కుర్చీలు ఎవరు సర్దుతున్నారు? నివేదిక మీద ఎవరి పేరుంటుంది? ఆ సమాచారం సేకరించడానికి ఊరూరా తిరిగిన కార్యకర్త పేరు ఏ పేజీలో ఉంటుంది? జీపు నడిపిన మనిషి పేరు ఎక్కడైనా ఉందా? ర్యాలీ నిర్వాహకుల బోర్డుని తప్పుపట్టే ముందు నా సొంత పరిశోధన పుస్తకంలో కృతజ్ఞతల పేజీ తీసి చూసుకున్నాను. ఆచార్యుల పేర్లన్నీ ఉన్నాయి. నన్ను మూడేళ్ళు పల్లెల్లో తిప్పిన మనిషి పేరు లేదు. ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఆ సిగ్గు నుంచే వచ్చింది.

మన జవాబు

అందుకని ఆ ఉత్తరానికి ఊరికే వద్దని రాసి ఊరుకోకూడదని నా అభిప్రాయం. మన షరతులు రాద్దాం.

ఒకటి, భర్త సంతకం, తండ్రి సంతకం అడిగే పత్రం ఉండకూడదు. రెండు, దారి వేయడంలో, రోడ్ బుక్ రాయడంలో, గడియారాల దగ్గర స్త్రీలుండాలి. నేర్పాల్సి వస్తే ముందు నెల రోజులు నేర్పాలి. మూడు, ప్రతి భాగంలో ప్రతి కారు సమయం అందరికీ కనబడేలా పెట్టాలి. నాలుగు, ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో రాయాలి. అయిదు, అలంకరణ బహుమతులు తీసేసి ఆ డబ్బుతో కారు లేని స్త్రీలకి డ్రైవింగ్ నేర్పించి లైసెన్సు ఇప్పించాలి. ఆటో నడిపే, జీపు నడిపే, బస్సులో కండక్టరు పని చేసే స్త్రీలు రుసుము లేకుండా పోటీలోకి రావాలి, వాళ్ళకి కార్లు సమకూర్చాలి. ఆరు, స్త్రీల ర్యాలీలో మొదటి వరుసలో నిలిచిన జట్లకి అదే క్లబ్బు జరిపే అందరి పోటీలో చోటివ్వాలి.

ఇవన్నీ గొంతెమ్మ కోరికలని వాళ్ళనొచ్చు. మనలోనూ కొందరు అనొచ్చు. "ఇంత పట్టుబడితే వాళ్ళు ఇంకో సంఘాన్ని చూసుకుంటారు" అని సమావేశంలో ఒకరన్నారు. నిజమే, చూసుకుంటారు. అందుకే ఇది మా ఒక్క సంఘం సంగతి కాదు. ఈ పత్రిక చదివే ప్రతి సంఘానికీ ఇలాంటి ఉత్తరం ఇప్పటికే వచ్చి ఉంటుంది, లేకపోతే వస్తుంది. ఈసారి కార్ల ర్యాలీ కావచ్చు, ఇంకోసారి పరుగు పందెమో వంటల పోటీయో కావచ్చు. 1917లో పెట్రోగ్రాడ్ నూలు మిల్లుల స్త్రీలు రొట్టె కోసం సమ్మె కట్టి వీధుల్లోకి వచ్చిన రోజు మార్చి 8. ఆ రోజుని ఎవరికైనా అద్దెకివ్వడానికి మనకేం హక్కుంది?

మొన్న ఈ వ్యాసం అక్కకి చదివి వినిపించాను. అంతా విని, "షరతులు ఒప్పుకుంటే మళ్ళీ పోదామా?" అంది. పోదామన్నాను. "ఈసారి నేను లెక్క చూస్తా, మీరు నడపండి" అంది. నాకు కారు నడపడం రాదు. నలభై దాటినా, దేశాలు తిరిగినా, స్త్రీల చలన స్వేచ్ఛ మీద ఉపన్యాసాలిచ్చినా, నాకు కారు నడపడం రాదు. వచ్చే సోమవారం నుంచి పొద్దున ఆరింటికి సంఘం జీపు మీద నేర్పుతానంది. ఆలస్యమైతే మార్కులు పోతాయంది.